పరిశోధనకు కొలబద్ద ఎవరిది?

ప్రతి ఏడాదీ కేంద్ర ప్రభుత్వం విశ్వవిద్యాలయాల ర్యాంకుల పట్టిక విడుదల చేస్తుంది. మరునాడు పత్రికలు మన రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ఎన్ని మెట్లు ఎక్కాయో, ఎన్ని మెట్లు దిగాయో ప్రకటిస్తాయి. ఎక్కినచోట అభినందన సభలు జరుగుతాయి. దిగినచోట సంజాయిషీలు వెలువడతాయి. ఈ సందడిలో ఎవ్వరూ అడగని ప్రశ్న ఒకటున్నది. ఈ విశ్వవిద్యాలయాల్లో జరిగిన పరిశోధన ఏమిటి? ఏ సమస్య మీద జరిగింది? దానివల్ల ఎవరికేం తెలిసింది? పట్టిక తయారుచేసినవారూ, దాన్ని అచ్చువేసినవారూ, చూసి సంతోషించినవారూ ఆ పరిశోధనలో ఒక్క పుట కూడా చదవనక్కర లేకుండానే తతంగమంతా ముగిసిపోతుంది. ఒక కావ్యానికి పుటలు లెక్కపెట్టి విలువ కడతామంటే మనం నవ్వుతాం. దాన్ని ఎందరు ప్రస్తావించారో లెక్కపెట్టి విలువ కడతామన్నా ఒప్పుకోం. పరిశోధన దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు మెదపటం లేదు. చదవకుండానే విలువ కట్టగల ఈ విద్య ఎక్కడిది, దీనివల్ల లాభపడేదెవరు, నష్టపోయేదెవరు అన్నది మన విద్యార్థులూ అధ్యాపకులూ తేల్చుకోవలసిన విషయమని నా అభిప్రాయం.

ర్యాంకుల పట్టిక కూడా ఒక రచనే. దానికి కర్త ఉన్నాడు, దృక్పథం ఉన్నది, చెప్పిన విషయాలూ చెప్పకుండా వదిలేసిన విషయాలూ ఉన్నాయి. కాబట్టి దాన్ని రచనగానే చదువుదాం. ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు చూడాలి.

యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్ 1955లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఒక శాస్త్రవేత్త చెప్పిన విషయాన్ని తర్వాత ఎవరెవరు వాడుకున్నారో, ఎవరు ఖండించారో తెలుసుకోవటానికి ఉల్లేఖనల సూచిక ఒకటి ఉండాలన్నది అందులోని ప్రతిపాదన. 1964లో ఫిలడెల్ఫియా నుంచి ఆ సూచిక అచ్చయింది. చదివేవాడికి దారి చూపటం దాని ఉద్దేశం. ఏ పత్రికలను సూచికలో చేర్చాలో తేల్చుకోవటానికి పుట్టిన లెక్క ‘ఇంపాక్ట్ ఫాక్టర్’. ఒక పత్రికలో గడిచిన రెండేళ్లలో వచ్చిన వ్యాసాలను ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ఉల్లేఖించారన్నదే ఆ లెక్క. అది పత్రిక సగటు. అందులోని ఏ ఒక్క వ్యాసపు విలువా కాదు. వ్యక్తుల తూనికకు దీన్ని వాడవద్దని గార్‌ఫీల్డే హెచ్చరించాడు. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్-సూచిక కనిపెట్టాడు. ఒక మనిషి వ్యాసాల్లో కనీసం పదింటిని పదేసిసార్లు ఉల్లేఖిస్తే అతని సూచిక పది. ఈ పనిముట్లలో ఏదీ దుర్మార్గమైనది కాదు. గ్రంథాలయంలో పుస్తకాలు వెతుక్కోవటానికి పుట్టిన పనిముట్టు నియామకపు గదిలోకి నడిచివచ్చి మనుషుల బతుకుతెరువును నిర్ణయించటం మొదలుపెట్టినప్పుడే దుర్మార్గం ప్రవేశించింది.

మన దేశంలో ఆ ప్రవేశం రెండు అంచెల్లో జరిగింది. 2010లో యు.జి.సి. నిబంధనలు అధ్యాపకుల పనిని పాయింట్లుగా మార్చాయి. 2018 నిబంధనలు ఆ పద్ధతిని సవరించాయి గాని, పత్రిక ఇంపాక్ట్ ఫాక్టర్ పెరిగినకొద్దీ వ్యాసానికి పాయింట్లు పెరిగి 30 దాకా పోయే నిచ్చెనను నిలబెట్టాయి. ఇది మనిషికి సంబంధించిన అంచె. సంస్థకు సంబంధించిన అంచె 2015లో ఏర్పాటై 2016లో మొదటి జాబితా విడుదల చేసిన ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకింగు. విశ్వవిద్యాలయాల విషయంలో అందులో నూటికి 30 వంతులు పరిశోధనకు కేటాయించారు. ఆ 30 వంతుల్లో ప్రధాన భాగం, వ్యాసాల సంఖ్యా ఉల్లేఖనల సంఖ్యా, స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే రెండు భాండాగారాల నుంచి తీస్తారు. మొదటిది ఎల్సెవియర్ అనే బహుళజాతి ప్రచురణ సంస్థ 2004లో పెట్టినది. రెండవది గార్‌ఫీల్డ్ సూచికకు వారసత్వంగా వచ్చి, ఇప్పుడు క్లారివేట్ అనే వ్యాపార సంస్థ చేతిలో ఉన్నది. అంటే మన ప్రజల పన్నులతో నడిచే విశ్వవిద్యాలయాల పరిశోధన ఎంతో చెప్పే తాళపుచెవి రెండు విదేశీ కంపెనీల దగ్గర ఉన్నదన్నమాట.

ఇక పట్టిక చెప్పకుండా వదిలేసినవి చూద్దాం. నా వాదం ఊహ మీద నిలబడకుండా, మన నేల మీది మూడు ఉదాహరణలు తీసుకుంటాను.

మొదటిది వరి. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులోనూ, బాపట్లలోనూ మన వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిశోధన కేంద్రాలున్నాయి. 1980వ దశకంలో మార్టేరు నుంచి ఎం.టి.యు. 7029, బాపట్ల నుంచి బి.పి.టి. 5204 రైతుల చేతికి వచ్చాయి. మొదటిదాన్ని జనం స్వర్ణ అంటారు, రెండవది సాంబ మసూరి. స్వర్ణ గోదావరి డెల్టా దాటి ఒడిశా, బెంగాలు పొలాలకు పాకింది. సాంబ మసూరి మన అన్నం పళ్లెంలో ఉన్నది. పరిశోధన ప్రభావం అన్న మాటకు ఇంతకన్న గట్టి అర్థం ఏముంటుంది? కాని వంగడం వ్యాసం కాదు గనక ఉల్లేఖనల లెక్కలోకి రాదు. మన చట్టం ప్రకారం మొక్కలకు పేటెంటు లేదు, ఉండకూడదు కూడా. కాబట్టి పేటెంట్ల లెక్కలోకీ రాదు. ఇందులో ఇంకో తమాషా ఉన్నది. వరిపైరు వరదముంపును తట్టుకొనేటట్టు చేసే జన్యువును గురించిన వ్యాసం 2006లో నేచర్ పత్రికలో వచ్చి ప్రపంచమంతటా ఉల్లేఖన పొందింది. ఆ జన్యువును ఎక్కించటానికి వాళ్లు ఎంచుకున్న వంగడం స్వర్ణే. 2009లో ఆ కొత్త స్వర్ణ మన దేశంలో విడుదలైంది. నేచర్ వ్యాసానికి పట్టికలో చోటున్నది. మార్టేరు బురదలో ఏళ్ల తరబడి వరికంకులు ఏరిన శ్రమకు చోటు లేదు. ఆ వ్యాసాన్ని నేను తక్కువ చేయటం లేదు. అది గొప్ప పనే. ఒక గొలుసులో ఒక్క కొలికిని మాత్రమే తూచి, తక్కిన గొలుసు లేదనే తక్కెడను తప్పు పడుతున్నాను.

రెండవది మాట. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ‘తెలుగు వెర్బల్ బేసెస్’ 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వెలువడింది. మరుసటి ఏడాదే, 1962లో, ఆయన సంపాదకత్వాన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయపదాలతో వచ్చింది. పొలానికి పోయి, నాగలి పట్టినవాణ్ణి అడిగి, ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క పనిముట్టును ఏమంటారో సేకరించిన గ్రంథమది. తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా గుర్తించటానికి ఆ సేకరణే ఆధారమైంది. రెండు గ్రంథాలకూ మనిషి ఒకడే, మేధ ఒకటే, శ్రద్ధ ఒకటే. అయినా అంతర్జాతీయ సూచికలకు మొదటిది కనబడినట్టు రెండవది కనబడదు. తెలుగులో వెలువడే పరిశోధన పత్రికలకు ఆ భాండాగారాల్లో చోటు లేనట్టే. తెలుగు పరిశోధనకు తక్కువ మార్కులు వస్తున్నాయని మనవాళ్లు అంటుంటారు. అది సరికాదు. దాన్ని పరీక్ష హాలులోకే రానివ్వలేదు. పైగా రెండేళ్ల ఉల్లేఖనలతో కొలిచే లెక్క శబ్దశాస్త్రానికీ చరిత్రకూ ఏం సరిపోతుంది? ఒక పదకోశం అక్కరకు వచ్చే కాలం అరవై ఏళ్లు.

మూడవది నీళ్లు. నాటి నెల్లూరు జిల్లా గ్రామాల్లో ఎముకలు వంగిపోయే జబ్బుకు బావినీళ్లలోని ఫ్లోరైడు కారణమని 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రకటించారు. అది మన దేశంలో వెలువడిన పత్రిక. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఫ్లోరైడు ప్రాంతాల్లో మోకాళ్లు వంకరపోవటాన్ని గురించి లాన్సెట్‌లో రాశారు. ఆ దశకంలోనే పటికతో, సున్నంతో నీటిని శుద్ధిచేసే పద్ధతి రూపొందింది. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు వచ్చింది. లండన్ పత్రికలో రాసినందువల్ల ఎవరూ ప్రజలకు దూరం కారు, స్వదేశపు పత్రికలో రాసినందువల్ల ఎవరూ దగ్గర కారు. నల్లగొండ పల్లెలు దశాబ్దాలపాటు అడిగింది ఒక్కటే: మంచినీళ్లెప్పుడు వస్తాయని. వ్యాసానికీ బిందెకూ మధ్య ఎంత దూరముందో, ఆ దూరాన్ని ఎవరు నడిచారో చెప్పలేని కొలమానం ప్రభావాన్ని కొలిచానని చెప్పుకోవటానికి వీల్లేదు.

ఈ కొలమానం ఎందుకిలా ఉన్నది? కొలిచేవాళ్ల అజ్ఞానం వల్ల అనుకుంటే మనం పొరబడినట్టే. వస్తువుకు ఉపయోగపు విలువ వేరు, మారకపు విలువ వేరు అని మనం చదువుకున్నాం. సరుకుల ప్రపంచంలో రెండవది మొదటిదాన్ని మింగేస్తుంది. పరిశోధన వ్యాసం నేడు సరుకైంది. అధ్యాపకుడు దాన్ని ప్రభుత్వ జీతం మీద రాస్తాడు. ప్రచురణ కంపెనీకి ఉచితంగా ఇస్తాడు. సాటి అధ్యాపకుడు దాన్ని ఉచితంగా పరిశీలిస్తాడు. కంపెనీ దాన్ని మళ్లీ ప్రభుత్వానికే అమ్ముతుంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 30 ప్రచురణ సంస్థల 13,000 దాకా పత్రికలు చదవటానికి ఇచ్చే చందా అది. జిల్లా కాలేజీ విద్యార్థికి ఆ పత్రికలు అందటం మంచిదే, నేను ఆహ్వానిస్తాను. కాని మొత్తం పరిశోధన మీద దేశం పెట్టే ఖర్చు 2020-21లో స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతమేనని గుర్తుంచుకొని ఆ ఆరువేల కోట్లను చూడాలి.

పెద్ద అంగడి ఉన్నచోట దొంగ అంగడి కూడా వెలుస్తుంది. పాయింట్లు కావలసిన అధ్యాపకుడు, డబ్బు కావలసిన ప్రచురణకర్త ఎదురుపడ్డారు. 2018 మే నెలలో యు.జి.సి. తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను ఒక్కసారిగా తొలగించవలసి వచ్చింది. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మోసపు పద్ధతులకు పాల్పడిందని 2019లో అమెరికా న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు చెప్పింది. భారతీయ భాషల పత్రికలకు కూడా చోటిస్తూ 2019లో మొదలైన కేర్ జాబితాను 2025లో యు.జి.సి. తానే ఎత్తివేసింది. దొంగలను పట్టుకోవటానికి ఒక జాబితా, ఆ జాబితాలోకి దొంగలు చొరబడితే ఇంకొక జాబితా! కొలత లక్ష్యంగా మారిన మరుక్షణం అది కొలతగా పనికిరాదని అర్థశాస్త్రంలో ఒక సూత్రమున్నది. మన విశ్వవిద్యాలయాలు ఆ సూత్రానికి ప్రయోగశాలలైనాయి.

ఇంతవరకు చెప్పినదానితో మన మిత్రుల్లో చాలామంది ఏకీభవిస్తారు. ఇకమీద చెప్పబోయేది కొందరికి రుచించకపోవచ్చు. కొలవటమే సామ్రాజ్యవాద కుట్ర, మమ్మల్ని మా మానాన వదిలెయ్యండి అనే వాదం మన శిబిరంలోనే వినబడుతున్నది. నేను దాన్ని ఒప్పుకోను. పాయింట్లు రాకముందు మన విశ్వవిద్యాలయాల్లో స్వర్ణయుగం నడిచిందా? నియామకాల్లో కులం నడిచింది, బంధుత్వం నడిచింది, ప్రొఫెసరుగారి సంచీ మోసిన శిష్యుడికి ఉద్యోగం నడిచింది. ఏ అండా లేని దళిత యువకుడికీ, పల్లెటూరి యువతికీ ఈ పాయింట్ల పట్టికే మొదటిసారి చేతికి ఒక ఆయుధమైంది. నాకంటే ఇతనికి పాయింట్లు తక్కువ, ఇతన్నెందుకు తీసుకున్నారని అడిగే హక్కు ఇచ్చింది. అటువంటి దరఖాస్తులు నేను చూశాను. ఆ అంకెల వెనక ఉన్న ఆశను తేలిక చేయలేను. అంకెను ఊరికే తీసేస్తే ఖాళీ అయిన చోట పాత పలుకుబడి వచ్చి కూర్చుంటుంది.

మన తెలుగు శాఖల సంగతి కూడా దాచకూడదు. ఫలానావారి కథలు, ఒక పరిశీలన. ఫలానావారి నవలలు, ఒక సమగ్ర పరిశీలన. మొదటి అధ్యాయం జీవిత విశేషాలు, రెండవది ఇతివృత్తాల సంగ్రహం, మూడవది పాత్రల పేర్లు, చివరిది శైలి మీద పదిహేను పుటల పొగడ్త. ఇటువంటి సిద్ధాంత గ్రంథాలు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటికి స్కోపస్‌లో చోటు లేకపోవటం వాటి గౌరవాన్ని పెంచదు. బిరుదురాజు రామరాజుగారు ఊరూరూ తిరిగి జానపద గేయాలు సేకరించి పరిశోధించారు. ఆ బాటను వదిలి, ఇంట్లో కూర్చొని పుస్తకం పక్కన పుస్తకం పెట్టి రాసినదానికి ప్రజల భాష అనే కవచం తొడిగితే చెల్లదు. తన డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయాన్ని లెక్క అడిగే హక్కు ప్రజలకున్నది. కాబట్టి మన వాదం లెక్క వద్దని కాదు. లెక్క చెప్పవలసింది ప్రజలకని.

లెక్క అడిగే ముందు ఎవరు ఏం పెట్టారో కూడా అడగాలి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి నియామకాలు లేక శాఖలు ఎండిపోయాయి. నలుగురు చేయవలసిన పనిని ఒక ప్రొఫెసరూ, ఇద్దరు కాంట్రాక్టు అధ్యాపకులూ మోస్తున్న శాఖలు నేనెరుగుదును. వచ్చే ఏడాది తన ఉద్యోగం ఉంటుందో లేదో తెలియనివాడు పదేళ్లు పట్టే పరిశోధనకు పూనుకోలేడు. మూడు నెలల్లో అచ్చయ్యే వ్యాసం రాస్తాడు. అటువంటి శాఖను నిండుగా నిధులున్న కేంద్ర సంస్థ పక్కన నిలబెట్టి ఎత్తు కొలవటం, ఉపవాసం ఉన్నవాణ్ణి తూచి బరువు తక్కువని మందలించటమే. ఇతర రాష్ట్రాల, ఇతర దేశాల విద్యార్థులు ఎక్కువగా ఉంటే మార్కులిచ్చే అంశం కూడా ఆ ర్యాంకింగులో ఉన్నది. పాలమూరు కూలివాడి కూతురికీ, సిక్కోలు జాలరి కొడుకుకీ చదువు చెప్పటం కోసమే పుట్టిన విశ్వవిద్యాలయం, ఆ పని చేసినందుకే అక్కడ వెనకబడిపోతుంది.

అయితే మన కొలబద్ద ఎలా ఉండాలి? ప్రపంచంలో ఈ ఆలోచన చేసినవాళ్లున్నారు. పత్రిక ఇంపాక్ట్ ఫాక్టర్‌తో మనుషులను తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైన శాస్త్రజ్ఞులు ప్రకటన రూపొందించారు. 2015లో వెలువడిన లైడెన్ ప్రకటన పది సూత్రాలు చెప్పింది; స్థానిక ప్రయోజనమున్న పరిశోధనను కాపాడాలన్నది అందులో ఒకటి. బ్రిటన్‌లో 2014 నుంచి విశ్వవిద్యాలయాలు తమ పరిశోధన సమాజంలో ఏ మార్పు తెచ్చిందో ఉదాహరణలతో రాసి ఇస్తే, నిపుణుల సంఘాలు వాటిని చదివి విలువ కడుతున్నాయి. ఆ పద్ధతికీ జబ్బులు పట్టాయి. ఉదాహరణలు అందంగా రాయటమే అక్కడొక పరిశ్రమైంది. అయినా ఒక దేశం మొత్తంలోని పరిశోధనను చదివి అంచనా కట్టటం అసాధ్యం కాదని మాత్రం రుజువైంది.

నా దృష్టిలో మనం అడగవలసిన ప్రశ్నలు నాలుగు. ఒకటి, ఈ పరిశోధన ప్రశ్న ఎక్కడ పుట్టింది? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధికి కారణం ఇంతవరకు నిర్ధారణ కాలేదు. దాని మీద పనిచేసి, ఫలానాది కారణం కాదని తేల్చిన పరిశోధకుడికి పెద్ద పత్రికలో చోటు దొరకటం కష్టం. ఆ పల్లెలకు మాత్రం అది విలువైన జవాబే. రెండు, జవాబు ఏ భాషలో తిరిగి వెళ్లింది? ఏ శాస్త్రంలోనైనా సరే, ప్రతి సిద్ధాంత గ్రంథానికీ సామాన్యుడికి అర్థమయ్యే ఇరవై పుటల తెలుగు సంగ్రహం తప్పనిసరి చేయాలి. మూడు, దాన్ని ఎవరు వాడుకున్నారు? సాటి పండితుడా, పంచాయతీయా, ఆసుపత్రా, బడిపంతులా, రైతా? నాలుగు, విలువ కట్టినవారు దాన్ని చదివారా? పరిశీలకుల అభిప్రాయం, కారణాలతో సహా, సంతకంతో సహా అందరికీ అందుబాటులో ఉండాలి. కులానికీ పలుకుబడికీ భయపడేది అంకెకు కాదు, పదిమంది ముందు చెప్పవలసి వచ్చే కారణానికి.

ఇదంతా ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు ముడుచుకొని కూర్చోనక్కర లేదు. సిద్ధాంత గ్రంథాలను ఎలక్ట్రానిక్ ప్రతులుగా సమర్పించాలని 2009 నిబంధనలు చెప్పాయి. శోధ్‌గంగ అనే భాండాగారంలో మన విశ్వవిద్యాలయాల గ్రంథాలు ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. ర్యాంకులు ప్రకటించేవాళ్లు వాటిని చదవరు. మనమైనా చదవాలి గదా! ప్రతి శాఖలోనూ నెలకొక గ్రంథం తీసుకొని విద్యార్థులూ అధ్యాపకులూ కూర్చొని చర్చించాలి. మంచిదాన్ని మంచిదనీ, నకలును నకలనీ, పేరు పెట్టి చెప్పాలి. సొంత శాఖవాళ్లనీ, సొంత సంఘంవాళ్లనీ మొహమాటపడకూడదు. ఈ పత్రిక కూడా ప్రతి సంచికలో కవితా సంపుటాలతోపాటు ఒక్క సిద్ధాంత గ్రంథాన్నయినా సమీక్షకు తీసుకోవాలని సంపాదకులకు నా విన్నపం. మొదటి సమీక్ష రాయటానికి నేను సిద్ధంగా ఉన్నాను. రెండవదానికి ఎవరు ముందుకొస్తారో చెప్పండి.